సంచుల కాపలా ఇక చాలు

అత్తయ్యా, మొదటి బస్సు నాదే, టికెట్ల సంచీ తీసుకుని వెళ్లిపోతున్నాను. బుడ్డది ఇంకా నిద్రలోనే ఉంది. ఈరోజు బడిలో దాని పరుగు పందెం. మీరు వెంట వెళ్లి, అది మైదానంలోకి దిగే పావుగంట ముందు నీలం ఇన్హేలర్ గొట్టానికి తగిలించి రెండుసార్లు పీల్పించండి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒక్క నిమిషం ఆగండి.

ఇన్హేలర్‌ని మళ్లీ దుప్పట్ల మడతల్లో దాచకండి. మొన్న పక్కింటివాళ్లు చూస్తారని మీరు దాచేశారు, పిల్లకు ఆయాసం వచ్చేసరికి ఇల్లంతా వెతకలేక నా ప్రాణం పోయినంత పనైంది. ఎవరేమనుకుంటే మనకేంటి?

తప్పు మీ ఒక్కరిదే కాదు లెండి. "మా పిల్లను పరిగెత్తనివ్వకండి" అని మూడేళ్ల కిందట బడికి రాసిచ్చింది నేనే. అప్పట్నుంచీ ఆటల గంటలో అందరి సంచులకూ అదే కాపలా. మందు వేసుకుని హాయిగా పరిగెత్తచ్చని డాక్టరమ్మ చెప్పాక కూడా నాలుగు నెలలు నాన్చాను. ఆ కాగితం నిన్ననే వెనక్కి తెచ్చేశాను.

ఆయాసపడితే ఆపేసి కూర్చోబెట్టండి. ఆయాసం లేకపోతే పరుగు గీత దగ్గర నిలబడి "మెల్లగా, మెల్లగా" అని మాత్రం అరవకండి.

అన్నట్టు, ఇంటికి రాగానే దాని చొక్కా ఉతికేయకండి. ఆటల్లో చెమటపట్టిన దాని చొక్కా నేనింతవరకూ చూడలేదు.