ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ

జూన్ 2
అన్నయ్య ఫోన్. అమ్మ ఈ నెలాఖరు నుంచి నా దగ్గరే ఉంటుందట. ఆవిడ గదిలో గోడ మీద ఆవిడ మొహాన్నే మొజాయిక్‌లో చేద్దామని ఉంది. ఏ ఫోటో చూపించినా అది తను కాదంటుంది. పెళ్లి ఫోటో దగ్గర్నుంచీ అదే మాట. నేను చేసిన ఏ పనినీ ఇంతవరకు బాగుందనలేదు. ఈ ఒక్కసారైనా అనిపించుకోవాలి.

జూన్ 5
టైల్స్ మేస్త్రి నేర్పుతున్నాడు. కాగితం మీద బొమ్మ గీసి, గాజు ముక్కల్ని బోర్లా అతికించాలి. మొత్తాన్ని గోడ సిమెంటుకి అదిమి, మర్నాడు తడిపి కాగితం ఊడబీకాలి. అక్షరాలుంటే మాత్రం తిరగేసి రాయాలట. మొహానికి అక్షరాలెక్కడివి!

జూన్ 11, మధ్యాహ్నం
కటింగ్ ప్లయర్ టిక్కుమంటే ప్రాణం లేచొస్తోంది. అన్నం చల్లారిపోయింది. పోనీ.
బుగ్గకి అంతా గులాబీ రంగే పెడితే దిష్టిబొమ్మలా ఉంది. చిరాకేసి మధ్యలో ఆకుపచ్చ ముక్క ఒకటి పడేశాను. అంతే, బుగ్గకి జీవం వచ్చేసింది! అమ్మ మొహంలో ఆకుపచ్చ ఉందని నలభై ఏడేళ్లుగా నాకు తెలియదు. దగ్గరగా చూస్తే చెత్త. నాలుగడుగులు వెనక్కి వేస్తే అమ్మ.
మావారు తన మొహం ఏనాడైనా ఇంత శ్రద్ధగా చూశావా అని ఎత్తిపొడిచారు. ముక్కలైతే చూస్తానన్నాను.

జూన్ 12
గడ్డం. నలభై ముక్కలు.

జూన్ 20
ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. ఒక్క నల్ల ముక్క కోసం పదకొండు పగలగొట్టాను.

జూన్ 27
కొంప మునిగింది. కాగితం ఊడబీకితే పుట్టుమచ్చ కుడి బుగ్గ మీదుంది. పాపిడి కూడా అటుది ఇటు. బోర్లా అతికిస్తే అక్షరాలే కాదు, మొహమైనా తిరగబడుతుందని నా బుర్రకి తట్టలేదు. ముందే చెప్పలేదేమని మేస్త్రి మీద ఎగిరాను. చదువుకున్నవాళ్లకి వేరే చెప్పాలా అని ఆయన నెత్తి పట్టుకున్నాడు. సిమెంటు పట్టేసింది, ఇక కదలదు. అన్నయ్యకి ఫోటో పంపితే ఎవరీవిడ అన్నాడు. ఏడ్చాను. ఎల్లుండే అమ్మ వస్తోంది.

జూన్ 29
దుప్పటి కప్పి ఉంచాను. అమ్మే లాగేసింది. మచ్చ అటు పడింది, పాపిడి ఇటు పోయింది అని నేనే మొదలుపెట్టాను. నోర్మూసుకోవే అంది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయట. డెబ్భై ఏళ్లుగా రోజూ తను చూసుకుంటున్న మొహం ఇదేనట. ఫోటోలవాళ్లే తప్పు తీశారట.
నాకు అర్థం కాలేదు. వెళ్లి అద్దం ముందు నిలబడ్డాక అర్థమైంది.
బాగుందని మాత్రం అనలేదు. గడ్డం కాస్త లావైందంది.

జూలై 8
గదిలో అద్దం ఉంది. అయినా అమ్మ రోజూ ఆ గోడ ముందు నిలబడే తల దువ్వుకుంటోంది.