పై అంతస్తు నాటకాలావిడ

అక్కా, నేను కులాసా. నేను గదులు ఊడ్చే పాత హోటల్ ఫొటో పేపర్లో చూసి హడలిపోకు. మధ్యాహ్నం వంటింట్లో మంటలు లేచి లిఫ్టు ఆగిపోయింది. పై అంతస్తులో ఏళ్లుగా ఉంటున్న నాటకాలావిడ తలుపు తీయలేదు.

"రంగు వేసుకోకుండా జనంలోకి రానమ్మాయ్," అన్నారు.

"పొగలో మీ మొహం ఎవరికీ కనపడదమ్మా, పదండి," అన్నాను.

అప్పుడు తీశారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఆవిడని వీపున మోసుకుని మెట్లు దిగాను. కమ్మీ పట్టుకుంటే కుడిచెయ్యి కాలింది, కొంచెమే. ఎదురుగా కొత్తగా కట్టిన అద్దాల హోటల్ వాళ్లు మా ఇద్దరికీ చోటిచ్చారు. చెయ్యి మానగానే నన్ను పనిలోకి రమ్మన్నారు.

నా నల్ల చెప్పులు పంపు. పాపకి దగ్గు తగ్గిందా? అమ్మకి మాత్రం చెప్పకు.

ఈ కార్డు ఆవిడే రాసిపెడుతున్నారు. పాపకి నా ముద్దులు, ఆవిడ దీవెనలు.