కొత్త గంట పంపవద్దు

మిల్లు మేనేజరు గారికి, నర్మెట్ట పక్కపల్లెలో మీ కంపెనీ పెట్టిన బడి పంతులు నమస్కారాలు.

బడి మళ్లీ తెరిచాను. పిల్లల గంజికి మీరు పంపిన నూకలు అందాయి. కొత్త గంట చేయించామని రాశారు. దయచేసి పంపవద్దు. పాతది పోయిందని మీకు రాశాను గానీ, నిజానికి నేనే పాడుబావిలో పడేశాను.

"గంట కొడితే గంజి" అని పిల్లలకు నేర్పింది నేనే. దొరలమీద తిరగబడ్డ సంఘం వాళ్లను వెతుకుతూ పోలీసులు వచ్చిన రోజు ఊరంతా జొన్నచేలల్లో దాక్కుంది. పిల్లలను ఎట్లా పిలుస్తావని జమేదారు అడిగాడు. భయంతో గంట చూపించాను. అతను గంట కొట్టాడు. ఆకలిమీదున్న పిల్లలు గిన్నెలు పట్టుకొని పరుగెత్తుకొచ్చారు. వాళ్లను ఆపబోయి తల్లులు, తల్లుల వెనక తండ్రులు బయటపడ్డారు. మగవాళ్లను లారీ ఎక్కించారు. కొమురవ్వ పెనిమిటి ఎర్రయ్య ఇంకా తిరిగి రాలేదు.

ఇప్పుడు ఇంటింటికీ వెళ్లి పేరుపెట్టి పిలుస్తున్నాను. నిన్న కొమురవ్వ వాకిట్లో నిలబడి, గంజి కాగింది రమ్మని ఆమె బిడ్డను పిలిచాను. తలుపు తెరుచుకోలేదు. లోపలినుంచి ఆ పిల్ల అడిగింది:

"నీ ఎనుక ఎవలున్నరు పంతులూ?"