అత్తగారి సున్నా

బావగారికి,

మా క్షేమం అక్క చెబుతూనే ఉంటుంది కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

లెక్కలు సరిచూడమని మీరిచ్చిన కాలువ నీళ్ల నివేదిక చూశాను. కూడికల్లో తప్పేం లేదు. తప్పు ఆ కూడిన అంకెల్లోనే ఉంది.

"కాలువ శుభ్రం చేయిస్తే మీరు నెలకెంత ఇస్తారు?" అని మీ మనుషులు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగారు కదా. "పాడుచేసింది ఆ రంగుల ఫ్యాక్టరీవాడు. డబ్బులు వాణ్ణడగక నన్నడుగుతావేం నాయనా?" అంది మా అమ్మ, అంటే మీ అత్తగారు. వీధి వీధంతా అదే మాట అన్నారట. మీవాళ్లు అందరికీ సున్నాలు వేసుకుని పోయారు. ఆ సున్నాలు పట్టుకుని మీరేమో, ఈ జనానికి మంచినీళ్లంటే లెక్కలేదు, శుద్ధి కేంద్రం కట్టడం దండగ అని తేల్చేశారు. ఫ్యాక్టరీవాణ్ణి మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఆ కాలువ నీళ్లొచ్చే కుళాయికి అమ్మ కట్టే గుడ్డకి ఎంత ఉతికినా ఊదారంగు వదలడం లేదు. పోయిన నెల మీరొచ్చినప్పుడు, ఆవిడ ఇచ్చిన గ్లాసు ముట్టుకోకుండా కారులోంచి సీసా తెప్పించుకుని తాగారు. మంచినీళ్ల విలువ మీకు బాగానే తెలుసు.

ఈ ఉద్యోగం మీరు వేయించిందే, కాదనను. ఉంచుతారో పీకేస్తారో మీ ఇష్టం. నివేదికలోంచి నా పేరు మాత్రం తీసేయండి. ఎందుకు తీశారని ఎవరైనా అడిగితే కారణం చెప్పక్కర్లేదు. మీ పద్ధతి మీకుందిగా, నాకూ ఓ సున్నా వేసుకోండి.

అక్క మొహం చూసి ఇంకా "గారు" అంటున్న
మీ బావమరిది