ఓడ అడుగున పాచి

జూన్ 4
ఆఫీసు కిటికీలో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీల వరుస. నా స్క్రీన్ మీద ఒక ఓడ, కొలంబో దాటి తూర్పుకు... రోజూ మధ్యాహ్నం దాని నుంచి ఐదు అంకెలు వస్తాయి: వేగం, ఇంజన్ తిరిగే లెక్క, ఇంధనం, గాలి, అలలు. పట్టికలో ఎక్కించడం నా పని. నేనింకా సముద్రం చూడలేదు.

జూన్ 6
రేవు వదిలినప్పటి నుంచీ ఓడ ఉండాల్సినదానికన్నా నెమ్మది. ఇంజన్ అంతే తిరుగుతోంది, ఇంధనం ఎక్కువ తాగుతోంది. ఎదురుగాలి అని కెప్టెన్ రాశాడు. మా మేనేజర్ సెల్వం సార్ అదే ఎక్కించమన్నారు. ఎక్కించాను.

జూన్ 7
ఈ ప్రయాణంలో గాలి లేని రోజులు వెతికాను. మూడు. ఆ మూడు రోజులూ నెమ్మదే.

జూన్ 8, ఆదివారం
గులాబీ తోటలో నాన్న డ్రిప్ పైపు విప్పి నేలకు కొడుతున్నాడు. లోపల జిగురు.
"మోటరు తిరుగుతానే ఉంది, నీళ్ళు రావడంలే. పది దినాలు ఆపి పెట్టినాను కదమ్మా, పాచి పట్టేసింది."
పైపు పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఓడ మే నెలంతా రేవు బయట, వెచ్చటి నీళ్ళలో, తన వంతు కోసం లంగరు వేసుకుని...
"ఏమమ్మా, నిలబడే నిద్రపోయినావా?"

జూన్ 9
కలలో ఓడ కింద ఉన్నాను. మెత్తటి పాచి, మీద చిన్న చిన్న గుల్లలు, అరచేతికి గరుకు. అంతా ఆకుపచ్చ వెలుగు. అక్కడ నన్నెవరూ మాట్లాడమనలేదు.

జూన్ 10
సార్‌కి చెప్పాలి. ఓడను ఆపి, డైవర్లను దింపి, కింద ఏమీ లేకపోతే? నెలాఖరుకు నన్ను పర్మనెంటు చేయాల్సింది ఆయనే.
చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను.

జూన్ 11
చెప్పాను. కాగితం చూసి చదివాను, స్కూల్లో ప్రార్థన చదివినట్లు.
"సముద్రం చూసినావా అమ్మా ఎప్పుడైనా? కెప్టెన్ ఇరవై ఏండ్లుగా ఆడే ఉండాడు."
"లేదు సార్. మా నాన్న పైపు చూసినాను."
పక్క సీటు రేవతి నవ్వు ఆపుకోలేక దగ్గింది. సార్ నవ్వలేదు. ఆ మూడు రోజుల అంకెలు అడిగారు, చాలాసేపు చూశారు.
"ఆపమని రాస్తా. కింద నీ పేరే వేస్తా, చూసుకో."

జూన్ 13
ఓడ ఆగింది. నా మాటకు.

జూన్ 14
ఆఫీసులోనే రాస్తున్నాను. డైవర్ల ఫోటోలు వచ్చాయి, పదకొండు. సార్ ఇంకా రాలేదు. "తెరువే, సార్ వచ్చేలోపల చూద్దాం" అంటోంది రేవతి. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక్క నిమిషం... తెరిచేదాకా ఆ నీళ్ళు నా కలలోలాగే ఉంటాయి.