రంగు ఆరేలోగా

గృహవసతి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేను అద్దెకుంటున్న ఇల్లు నా వల్లనే బాగుపడినందున, నన్నే ఖాళీ చేయమనుట గురించి.

ఇళ్లకు రంగులు వేసి బతికే నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అత్తగారి తరఫున తమకు మనవి చేసుకొనునది:

1. మేము చేరిన నాడు సదరు ఇల్లు చెమ్మ పట్టి, గోడ మీద చెయ్యి వేస్తే సున్నం అరచేతికి వచ్చే స్థితిలో ఉండెను. ఎవరూ చేరని ఇల్లు కనుకనే మాకు దొరికినది. పనికి వెళ్లిన చోట డబ్బాల అడుగున మిగిలిన రంగు అడిగి తెచ్చుకుని, సెలవు రోజుల్లో గోడలు గీకి, పగుళ్లు పూడ్చ లప్పం పెట్టి, ముస్తాబు చేసితిని. ముందు గదిది ఒక డాక్టరు గారి ఇంటి రంగు. వంటగదిది బ్యాంకు రంగు.

2. అద్దె కోసం వచ్చిన ఇంటి యజమాని గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది మన ఇల్లేనా?" అన్నాడు. నా పనిని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు తెలియదు. లోపలికి పిలిచి మూలమూలా చూపించితిని. అదే నా కొంప ముంచినది. మరుసటి వారమే నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్లు దొరికారట. నోటీసు లేదు, కాగితం లేదు. "లప్పం పెట్టాల్సింది గోడలకు కాదండీ, మీ నోటికి" అన్నది నా భార్య.

3. అద్దెదారుకు హక్కులున్నవని తమ కార్యాలయం బోర్డు మీద చదివి, ఇదివరకే ఒక అర్జీ పెట్టుకుంటిని. తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, గోడలు తట్టి, కుళాయి తిప్పి చూసి, "ఇంత మంచి ఇంట్లో ఉంటూ అర్జీ ఏంటయ్యా? మా ఇల్లే ఇలా లేదు" అని, 'నివాసయోగ్యము, ఇబ్బంది కానరాలేదు' అని రాసుకుని వెళ్లిరి. ఇబ్బంది గోడలకు కాదు సార్, మాకు అని చెప్పబోతే, వారి కాగితంలో దానికి గడి లేదన్నారు.

4. వేరే ఇంటి కోసం తిరగని వీధి లేదు. "ఎంతమంది ఉంటారు?" అని అడుగుతారు. నేను చెప్పేలోగా తలుపు మూసుకుంటుంది. మొన్నటిదాకా మా పక్క వాటాలో ఉన్న ఇస్త్రీ ఆయన ఇప్పుడు బస్టాండులో సంసారం చేస్తున్నాడు. నన్ను చూసి, "బల్లలు నిండిపోతున్నాయి, వచ్చేట్టయితే ముందే చెప్పు, చోటు పట్టి ఉంచుతా" అన్నాడు. మంచి మనిషి. ఆ మాటకు నాకు భయం వేసింది సార్.

5. సాయంత్రాలు యజమాని కొత్తవాళ్లను తెచ్చి ఇల్లు చూపిస్తున్నాడు. మేము గోడవారగా నిలబడి ఉంటాము. మా అత్తగారు రోజూ ఆనుకుని కూర్చునే చోట తలనూనె మరక ఉన్నది. "ఇది పోతుందా?" అని ఒకావిడ అడిగింది. యజమాని నా వంక చూశాడు. "పోతుందమ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

కావున తమరు దయతలచి, మా మాట వినేదాకా అయినా మమ్మల్ని కదపవద్దని ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. ఇందులో నా తప్పేమైనా ఉంటే, అద్దె ఇంటిని సొంతిల్లులా చూసుకోవడమే. మళ్లీ చెమ్మ పట్టించమంటే అది నా చేతిలో లేదు.

చిత్తగించి, మమ్మల్ని ఒక ఇంటివాళ్లుగానే ఉండనివ్వవలెను.

ఇట్లు,
నెలాఖరు వరకు సదరు ఇంట్లోనే దొరికే
తమ విధేయుడు

తా.క.: అర్జీ మడిచాక యజమాని వచ్చాడు. మేము ఖాళీ చేసిన రోజే కొత్తవాళ్ల కోసం నేనే రంగు వేయాలట, ఇంకొకరి పని ఆయనకు నచ్చదట. ఒప్పుకున్నాను. రంగు తడిగా ఉన్నంతసేపు రంగులవాడు తప్ప ఆ ఇంట్లోకి ఎవరూ రారు కదా సార్. నూనె మరక మీద రంగు ఒక పట్టాన నిలవదు. గీకాలి, వేయాలి, ఆరాలి, మళ్లీ వేయాలి. అక్కడే మొదలుపెట్టి, ఎంత నెమ్మదిగా వేయగలనో అంత నెమ్మదిగా వేస్తాను. మా వాళ్లు సామాన్లతో మెట్ల మీద కూర్చుని ఉంటారు. తమ ఉత్తర్వు తెచ్చే మనిషిని నేరుగా లోపలికే పంపండి. గోడను మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి.