బకెట్లో వేలు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద కోపం మాత్రం తగ్గలేదు.

నిమ్‌పురా రైల్వే యార్డులో ఇరవై ఏళ్లు సిగ్నల్ రిలేలు చూసుకున్నావు. "తీగ తెగినా, కరెంటు పోయినా సిగ్నల్ ఎర్రగానే పడాల. అప్పుడే ఎవుడూ సావడు" అని అన్నం తింటూ కూడా నాకు పాఠం చెప్పేవాడివి. అలాంటివాడివి, ఇంట్లో హీటర్ ఆపకుండానే, నీళ్లు కాగాయో లేదోనని బకెట్లో వేలు పెట్టేవాడివి. రోజూ అంతే. అమ్మ అరిస్తే నవ్వేవాడివి. ఆ రోజు షాక్ కొట్టింది. రైళ్లలో పోయే ముక్కూ మొహం తెలియని వాళ్ల ప్రాణాల మీదున్న జాగ్రత్త నీ ప్రాణం మీద లేకపోయింది.

ఈ ఉదయం మన పాత కంప్యూటర్‌కి, ప్రింటర్ తగిలించే చోట, ఒక రిలే కలిపాను. హీటర్‌కి కరెంటు ఇక దాని గుండానే వెళ్తుంది. ఇరవై నిమిషాలు కాగానే కంప్యూటరే ఆపేస్తుంది. కంప్యూటర్ ఆగిపోయినా, తీగ ఊడినా, రిలే లోపలి మీట పడిపోయి హీటర్ ఆరిపోతుంది. నీ పాఠమే. అది టక్‌మని పడిన చప్పుడు వింటే, పక్క క్వార్టర్ బెంగాలీ దాదాని కూడా పిలిచి చూపించేవాడివి.

అమ్మ బకెట్ పక్కన నిలబడి అంతా చూసింది.

"బాగుందే. మరి మీ నాన్న స్విచ్చి లేక పోనాడేటే?" అంది.

స్విచ్ ఆ గోడకే ఉంది నాన్నా. నీ ఎడమ చేతికి అందేంత దగ్గర్లో.